రోమ్‌లో ఇద్దరికీ ఒక్క రోజు: ఎలా తిరగాలి, ఏం తినాలి, కొత్తవాళ్లతో ఎలా కలవాలి

యూరప్ వెళ్తున్న జంటలు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "రోమ్‌లో పూర్తిగా ఒక్క రోజే దొరికింది. ఏం చూడాలి? మాంసం లేని తిండి దొరుకుతుందా? అక్కడివాళ్లతో మాట్లాడటం కుదురుతుందా?" ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబులన్నీ ఒక వరుసలో పెడితే మేలనిపించి ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. ఈ వరుసలో కొలోసియం లేదు, వాటికన్ మ్యూజియాలు లేవు. మావారూ నేనూ మొదటిసారి వెళ్లినప్పుడు ఆ రెండూ ఒకే రోజు పెట్టుకున్నాం. సగం రోజు క్యూల్లోనే పోయింది. మధ్యాహ్నం మూడింటికి ఆకలి మీద నడిరోడ్డున ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. సాయంత్రానికి నా మడమల నిండా బొబ్బలు. ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. రెండోసారి నడిచి చేరగలిగినవే ఎంచుకుని, మధ్యలో కావాలని ఖాళీ వదిలాం. ఆ ఖాళీలోనే మాకు మనుషులు తగిలారు. ఇక్కడ రాసేది ఆ రెండోసారి తిరిగిన దారి.

కావలసినవి

బాగా అరిగి కాలికి అలవాటైన బూట్లు. కొత్తవి కొనుక్కుని వెళ్లకండి. పాత రోమ్ వీధుల్లో తారు కాదు, చిన్న చిన్న నల్లరాళ్లు పరిచి ఉంటాయి. మడమ ఎత్తు చెప్పులైతే రాళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి.

ఇద్దరికీ వేర్వేరు బ్యాంకు కార్డులు. ఊరు బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి విదేశాల్లో వాడకం, ట్యాప్ చేసి చెల్లించడం రెండూ ఆన్ చేసుకోండి. బస్సులో, మెట్రోలో కార్డు ఆనిస్తే చాలు, టికెట్ 1.50 యూరోలు, అది 100 నిమిషాలు పనిచేస్తుంది. కానీ ఒక కార్డు ఒక మనిషికే. భర్త కార్డు రెండుసార్లు ఆనిస్తే ఇద్దరికీ టికెట్ అయిపోతుందనుకుని జరిమానా కట్టినవాళ్లు నాకు తెలుసు.

ఒక చున్నీ లేదా పల్చటి శాలువా. చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కనిపించేలా వెళ్తే ఆపేస్తారు. మగవాళ్లకూ ఇదే లెక్క, నిక్కరు వేసుకుంటే చిక్కు. చీరకు ఏ ఇబ్బందీ లేదు.

ఖాళీ నీళ్ల సీసా. నీళ్లు కొనాల్సిన పనే లేదు, ఎందుకో కింద చెబుతాను.

పాస్‌పోర్టు, దాని ఫోటో ఫోన్లో. చిల్లర నాణేలు ఓ పది. బొబ్బలకు అంటించే ప్లాస్టర్లు.

నాలుగైదు చిన్న చీటీలు. వాటి మీద మీ పేర్లు, వాట్సాప్ నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, కింద ఒక్క లైను తెలుగులో రాసి పెట్టుకోండి. ఇవి మధ్యాహ్నం పనికొస్తాయి.

తినేవాటిలో పచ్చడి, కారప్పొడి సామానులో పెట్టుకోవచ్చు. నెయ్యి డబ్బా, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్ నిబంధనలకు విరుద్ధం. ఎయిర్‌పోర్టులో తీసి పారేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

1. రోజు సరిగ్గా ఎంచుకోండి

మంగళవారం నుంచి శనివారం వరకు ఏదైనా మంచిదే. ఆదివారం ఈ దారిలోని కూరగాయల మార్కెట్ ఉండదు, చర్చిల్లో ప్రార్థనలు ఎక్కువ. నెల మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలు ఉచితం. ఆ డబ్బు మిగులుతుంది గానీ జనంలో నలిగిపోతారు. శుక్రవారం అయితే రవాణా సమ్మె ఏమన్నా ఉందేమో హోటల్లో అడగండి. "షోపెరో" అంటే సమ్మె. ఈ దారి అంతా నడకే కాబట్టి సమ్మె ఉన్నా పెద్దగా నష్టం లేదు.

నెలల్లో ఏప్రిల్, మే, లేదంటే సెప్టెంబరు చివర, అక్టోబరు. ఆగస్టు వద్దు. ఎండ మన రోహిణి కార్తెను తలపిస్తుంది, పైగా ఆగస్టు 15 పండగ చుట్టూ కుటుంబాలు నడుపుకునే హోటళ్లు చాలావరకు మూసేసి ఊళ్లకు వెళ్లిపోతారు.

2. ముందురోజు రాత్రి టికెట్, పేర్లు చూసుకోండి

ఈ రోజు మొత్తంలో మీకు కావలసిన టికెట్ ఒక్కటే, పాంథియాన్ అనే పాత రోమన్ గుడికి. 2023 జులైలో 5 యూరోల టికెట్ పెట్టారు. ప్రభుత్వ అధికారిక సైటులోనే కొనండి. వెతికితే ముందు కనిపించేవి ఎక్కువగా మధ్యవర్తులవి, రెండింతలు మూడింతలు గుంజుతారు.

మన తెలుగువాళ్లకు ఇక్కడో ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది. టికెట్ ఫారంలో మొదటి గడిలో ఇంటిపేరు, రెండో గడిలో అసలు పేరు నింపేస్తాం, లేదా ఇంటిపేరు బదులు పొడి అక్షరం పెట్టేస్తాం. పాస్‌పోర్టులో ఏ గడిలో ఏ పేరుందో అదే గడిలో అదే స్పెల్లింగు పెట్టండి. ఇంకో రోజు కొలోసియం చూసే ఆలోచన ఉంటే ఇది తప్పనిసరి, అక్కడ టికెట్ మీద పేరును గుర్తింపు కార్డుతో సరిచూస్తారు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం ఎలా? టికెట్‌ని, పాస్‌పోర్టుని పక్కపక్కన పెట్టి, మీది మీరు కాకుండా ఒకరిది ఒకరు చదవండి. మన తప్పు మన కంటికి కనపడదు, పక్కవాళ్లకు ఇట్టే దొరుకుతుంది.

3. ఉదయం 7 గంటలకు ట్రెవి ఫౌంటెన్ దగ్గర ఉండండి

ఏడంటే ఏడే. పదింటికి వెళ్తే నీళ్లకన్నా తలలే ఎక్కువ కనిపిస్తాయి. దగ్గర్లోని మెట్రో స్టేషన్ బర్బెరీని.

1732లో మొదలుపెట్టి 1762లో పూర్తి చేసిన కట్టడం ఇది. ఒక భవనం గోడ మొత్తాన్నీ రాతి గుర్రాలు, సముద్రదేవుడు, జలపాతంగా మార్చేశారు. అందులోకి నీళ్లు వచ్చే కాలువకు మాత్రం వయసు ఇంకా ఎక్కువ. అగ్రిప్పా అనే సేనాని క్రీ.పూ. 19లో వేయించాడు. ఆ పేరు గుర్తుంచుకోండి, గంటన్నరలో మళ్లీ కలుస్తాడు.

నాణెం వేయాలంటే వీపు తిప్పి నిలబడి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా వేస్తారు. ఆ డబ్బు ఒక సేవాసంస్థ ద్వారా పేదలకు వెళ్తుంది. గట్టు ఎక్కి కూర్చోవద్దు, నీళ్లలో చేయి కాలు పెట్టొద్దు, పోలీసు ఈల వేస్తాడు, జరిమానా కూడా ఉంది. తొట్టి దగ్గరికి దిగేవాళ్లను ఇప్పుడు విడతలుగా పంపుతున్నారు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి చూసుకోండి. పై నుంచి చూసినా అందం ఏమీ తగ్గదు.

అక్కడే ఇంకో జంట ఫోన్ చేయి చాచి సెల్ఫీ కోసం అవస్థ పడుతుంటే, మీరే వెళ్లి "ఫోటో తీయమంటారా" అని సైగ చేయండి. రోజు మొదట్లోనే ఒకసారి పలకరిస్తే బెరుకు పోతుంది. మీ ఫోన్ మాత్రం తమంతట తాము వచ్చి అడిగే ఒంటరి మనిషి చేతికివ్వకండి. మీరు ఎంచుకున్న జంటకో, పిల్లలతో ఉన్నవాళ్లకో ఇవ్వండి.

4. నిలబడి కాఫీ తాగండి

పక్క సందుల్లోకి రెండు మలుపులు తిరిగి ఏదైనా చిన్న బార్‌లోకి వెళ్లండి. కంగారు పడకండి, ఇటలీలో బార్ అంటే కాఫీ కొట్టే. పద్ధతి ఇది: లోపలికి అడుగు పెట్టగానే "బోన్‌జోర్నో" అనండి. చాలాచోట్ల ముందు "కాస్సా" దగ్గర డబ్బు కట్టి, రసీదు తీసుకుని, కౌంటర్ దగ్గర చూపించాలి. నిలబడి తాగితే కప్పుచ్చీనో ఒకటిన్నర రెండు యూరోల దగ్గర ఉంటుంది. అదే బల్ల దగ్గర కూర్చుంటే ధర రెట్టింపు దాటుతుంది. పేరున్న కూడలి ఎదురుగా అయితే ఇంకా ఎక్కువ.

ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటు "లాత్తె" అని అడగడం. లాత్తె అంటే పాలు. అడిగినట్టే గ్లాసుడు పాలు ఇస్తారు. పాల కాఫీ కావాలంటే "కఫ్ఫె లాత్తె" లేదా "కప్పుచ్చీనో" అనాలి. ఉత్త "కఫ్ఫె" అంటే రెండు గుక్కల డికాషన్. ఫిల్టర్ కాఫీ అలవాటున్న నోటికి మొదట చేదుగా తగులుతుంది, పంచదార వేసుకుంటే బాగుంటుంది. దాంతోపాటు "కొర్నెత్తో" అనే మడత రొట్టె తింటారు. గుడ్డు తిననివాళ్లు గమనించండి, అందులో సాధారణంగా గుడ్డు ఉంటుంది.

వాళ్ల మాటలు పలకడం మనకు కష్టం కాదు. తెలుగుకు "తూర్పు దేశపు ఇటాలియన్" అని పేరు ఊరికే రాలేదు, రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతో ముగుస్తాయి. ఒత్తులు కూడా మనలాగే ఒత్తి పలుకుతారు. ఇంగ్లీషు యాస పెట్టకుండా, తెలుగు మాట పలికినట్టే పలికితే కౌంటర్ వెనకాయన ముఖం విచ్చుకుంటుంది. ఈ పోలిక చెప్పి చూడండి, మాట దానంతటదే సాగుతుంది.

వెళ్లే ముందు బార్‌లోని టాయిలెట్ వాడుకోండి. రోమ్ వీధుల్లో ఆ సౌకర్యం తక్కువ. నేను ఈ మాట ఎంతమందికి చెప్పినా తక్కువే.

5. 9 గంటలకు పాంథియాన్

ట్రెవి నుంచి పది నిమిషాల నడక. తలుపు తెరిచే వేళకు అక్కడ ఉండండి. నుదుటి మీద పెద్ద అక్షరాల్లో అగ్రిప్పా పేరు కనిపిస్తుంది. ఆయన కట్టించిన గుడి కాలిపోయింది. ఇప్పుడున్నది హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు క్రీ.శ. 126లో పూర్తయింది. అయినా పాత పేరే చెక్కించాడు.

లోపలికి వెళ్లగానే ఫోటోలు తీయకండి. గోడ పక్కన నిలబడి ఇద్దరూ పైకి చూడండి. గోపురం వెడల్పు 43.3 మీటర్లు, నేల నుంచి పై రంధ్రానికి ఎత్తూ అంతే. ఇనుప కడ్డీ లేకుండా కేవలం కాంక్రీటుతో కట్టిన గోపురాల్లో ఈ రోజుకీ ప్రపంచంలో ఇదే పెద్దది. నడినెత్తిన ఉన్న రంధ్రానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేలలో సన్నటి కన్నాల గుండా పోతుంది. ఎండ పలక గోడల మీద కదులుతూ ఉంటుంది. పావుగంట కూర్చుంటే అది జరగడం కంటికి కనిపిస్తుంది. చిత్రకారుడు రాఫెల్ సమాధి కూడా ఇక్కడే.

ఈ గుడిని తర్వాత చర్చిగా మార్చారు, ఇప్పటికీ చర్చే. గుసగుసగానే మాట్లాడండి.

6. ఏనుగు, ఆ తర్వాత ఉచిత అద్భుతం

పాంథియాన్ వెనక చిన్న కూడలిలో వీపు మీద ఈజిప్టు స్తంభం మోస్తున్న రాతి ఏనుగు ఉంది. శిల్పి బెర్నీని రూపకల్పన, 1667 నాటిది. మన గుడి ఏనుగులు చూసిన కళ్లకు ముద్దొస్తుంది. రెండు నిమిషాలు చాలు.

అక్కడి నుంచి నవోనా అనే పెద్ద కూడలి వైపు వెళ్లే దారిలో సాన్ లూయీజీ అనే ఫ్రెంచివారి చర్చిలో, ఎడమ పక్క చివరి గదిలో చిత్రకారుడు కరవాజ్జో గీసిన మూడు పెద్ద చిత్రాలున్నాయి. ప్రవేశం ఉచితం. చీకటిగా ఉంటే నాణెం వేస్తే దీపం వెలుగుతుంది, చిల్లర తెమ్మన్నది అందుకే. మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పన్నెండు లోపే వెళ్లండి.

7. నవోనా కూడలిలో గంగ దగ్గర ఆగండి

నడుమ ఉన్న పెద్ద ఫౌంటెన్ చూడండి. 1651లో బెర్నీని పూర్తి చేశాడు. నాలుగు ఖండాలకు నాలుగు నదులు: నైలు, డాన్యూబ్, దక్షిణ అమెరికాలోని ప్లాతా, ఆసియాకు మన గంగ. చేతిలో పొడవాటి తెడ్డు పట్టుకున్న గడ్డపాయనే గంగ. తల మీద ముసుగు కప్పుకున్నది నైలు, అది ఎక్కడ పుడుతుందో అప్పటికి వాళ్లకు తెలియదు కాబట్టి అలా చెక్కారు.

గంగమ్మను గడ్డంతో చూసేసరికి నేను గట్టిగానే తెలుగులో ఆశ్చర్యపోయాను. పక్కనే నిలబడ్డ పెద్ద వయసు పోర్చుగీసు జంట ఏమైందని ఇంగ్లీషులో అడిగారు. మాకు గంగ తల్లి అనీ, చనిపోయేవాళ్ల నోట్లో ఆ నీళ్లు పోస్తామనీ మావారు చెప్పారు. పాత రోమన్లకు నది అంటే మగదేవుడని ఆ పోర్చుగీసు పెద్దాయన చెప్పారు. ఇద్దరూ రిటైరైన టీచర్లు. గంట తర్వాత నలుగురం కలిసి భోజనం చేశాం. ఆ ఏడు మా ఇంటి సంక్రాంతి ముగ్గు ఫోటో పంపితే, వాళ్ల ఊరి నది ఫోటో వచ్చింది. ఇప్పటికీ పండగలకు మెసేజ్‌లు నడుస్తున్నాయి.

అందుకే ఈ అంచెలో మీ పని చూడటం కాదు, ఆగడం. అరగంట పెట్టుకోండి. కూడలిలో రాతి బెంచీలున్నాయి. ఇలా చేయండి:

ఫోన్ సంచిలో పెట్టండి. ఫోన్ చూసుకుంటున్న మనిషిని ఎవరూ పలకరించరు.

అవును, కాదు అనే జవాబు రాని ప్రశ్న అడగండి. "మీ ఊరు ఇక్కడికి దూరమా" అనేకన్నా "మీరు ఇప్పటిదాకా తిన్నవాటిలో ఏది బాగుంది" అనండి. తిండి గురించి అడిగితే ఎంత మితభాషైనా మాట్లాడతారు.

మాట కలిసి, వాళ్లు మీ గురించి తిరిగి అడిగితే అప్పుడు చీటీ ఇవ్వండి. తెలుగు అక్షరాలు చూసి వేలితో తడిమి చూసేవాళ్లే ఎక్కువ. చిన్న ఏటికొప్పాక బొంగరం ఒకటి ఇవ్వగలిగితే మరీ మంచిది, బరువుండదు, పగలదు.

ఒక హెచ్చరిక. చేతికి దారం కడతానని, గులాబీ ఉచితమని, సంతకం పెట్టమని వచ్చేవాళ్లు స్నేహితులు కారు. తేడా ఎలా తెలుస్తుందంటే, వాళ్లకు తొందర ఉంటుంది, మీ చేతిలో ఏదో ఒకటి పెట్టేస్తారు. చేతులు వెనక్కి కట్టుకుని "నో, గ్రాట్సియే" అని నడవండి, ఆగి వాదించకండి. దారం కట్టించుకుంటే ఆ క్షణంలోనే బేరం మొదలవుతుంది.

రోడ్డు పక్క కొట్లు నడిపేవాళ్లలో బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మీకు హిందీ నాలుగు ముక్కలు వస్తే దారి అడగడానికి వాళ్లంత సాయం ఎవరూ చేయరు.

8. కాంపో దె ఫియోరీ మార్కెట్, భోజనం

నవోనా నుంచి ఐదారు నిమిషాలు. ఉదయం కూరగాయలు, పండ్లు, పూలు అమ్మే సంత. మధ్యలో ముసుగు వేసుకున్న విగ్రహం తత్వవేత్త జోర్దానో బ్రూనోది. 1600లో ఆయన్ని సజీవంగా దహనం చేసింది ఇక్కడే. చుట్టూ టమాటాలు, వంకాయలు అమ్ముతుంటారు, ఆయన తల దించుకుని చూస్తుంటాడు. మావారు అక్కడ చాలాసేపు కదల్లేదు.

భోజనానికి కూర్చునే హోటల్ వద్దు. "పిజ్జా అల్ తాల్యో" అని రాసిన కొట్టు చూడండి. పెద్ద పళ్లెంలో కాల్చిన పిజ్జాను కత్తెరతో కోసి తూకం వేసి ఇస్తారు. ఎంత కావాలో చేత్తో చూపించండి, "ఇంతే" అన్నట్టు. ధర కొన్నిచోట్ల కిలోకి, కొన్నిచోట్ల "ఎత్తో"కి, అంటే వంద గ్రాములకు రాసి ఉంటుంది. బోర్డు మీద ధర తక్కువగా కనబడితే కింద ఎత్తో అని ఉందేమో చూడండి. హోటళ్లలో చేపలకు కూడా ఇదే లెక్క, బిల్లు చూసి గుండె గుభేలుమనేది అక్కడే.

శాకాహారులకు ఇక్కడ తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. "పెపెరోనీ" అంటే ఇటలీలో క్యాప్సికమ్. మన ఊళ్లో పిజ్జా కొట్టువాడి పెప్పరోనీ కాదు, నిశ్చింతగా తినండి. "మరినారా" అంటే టమాటా, వెల్లుల్లి, ఒరేగానో అనే ఘాటు వాసన ఆకు మాత్రమే. చేప లేదు, చీజ్ కూడా లేదు. "పతాతె" అంటే బంగాళాదుంప ముక్కల పిజ్జా, మనవాళ్లకు బాగా నచ్చుతుంది. జాగ్రత్త పడాల్సింది గుమ్మడి జాతి పూలతో చేసే "ఫియోరీ ది జుక్కా" దగ్గర. చూడటానికి పూల బజ్జీ, పూల పిజ్జా. లోపల "అలీచి" అనే చిన్న ఉప్పు చేపలు పెడతారు. "సుప్లీ" అనే అన్నం ఉండల్లో కూడా తరచుగా మాంసం ఉంటుంది. కొనే ముందు "సెన్‌జా కార్నె, సెన్‌జా పేషె?" అనండి. మాంసం, చేప లేవు కదా అని అర్థం.

గొడ్డుమాంసం తిననివాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాటలు "మాన్‌జో", "వితెల్లో". పంది అయితే "మయాలె". "రగూ" అని ఉంటే మాంసం ఉన్నట్టే.

నీళ్ల సంగతి. వీధుల్లో నడుమెత్తు ఇనుప స్తంభాల నుంచి రాత్రీ పగలూ నీళ్లు కారుతుంటాయి. వాటిని "నజోనె" అంటారు, పెద్ద ముక్కు అని అర్థం. 1870ల నుంచీ ఉన్నాయి, ఊరంతా కలిపి రెండు వేల పైచిలుకు. చల్లటి తాగునీరు. కారే కొసను వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నం గుండా నీళ్లు ఎగజిమ్ముతాయి, అలా తాగాలి. సీసా నింపుకోండి.

9. మధ్యాహ్నం 2 నుంచి 4:30 వరకు ఏమీ చేయకండి

అందరూ దాటేసే అంచె ఇదే. "ఇంత దూరం వచ్చి రూములో పడుకుంటామా" అంటారు. పడుకోండి. ఊరు కూడా ఆ వేళ సగం మూసే ఉంటుంది. హోటల్ దూరమైతే ఏదైనా చర్చిలో చల్లటి బల్ల మీదో, నది ఒడ్డు చెట్ల నీడనో కూర్చోండి. బూట్లు విప్పి కాళ్లు చూసుకోండి. ఎర్రబడ్డ చోట ఇప్పుడే ప్లాస్టర్ వేయండి, బొబ్బ వచ్చాక వేసి లాభం లేదు.

ఇద్దరి మధ్య గొడవ వచ్చేది మూడు కారణాలకే: ఆకలి, కాళ్ల నొప్పి, దారి తప్పడం. మొదటి రెండింటికీ మందు ఈ విరామం. మూడోదానికి మేం పెట్టుకున్న కట్టుబాటు, మధ్యాహ్నం దాకా మ్యాప్ ఒకరి చేతిలో, ఆ తర్వాత రెండోవారి చేతిలో. చేతిలో మ్యాప్ లేనివాళ్లు దారి గురించి మాట్లాడకూడదు.

10. నది దాటి ట్రస్తెవెరె వెళ్లండి

కాంపో నుంచి ఎనిమిది నిమిషాలు నడిస్తే పోంతె సిస్తో వంతెన. 15వ శతాబ్దం నాటిది, నడిచేవాళ్లకే. దాటితే ట్రస్తెవెరె, టైబర్ నదికి అవతలి ఒడ్డు అని దాని అర్థం. ఇరుకు సందులు, గోడల మీద తీగలు, కిటికీల మధ్య ఆరేసిన బట్టలు. శాంతా మరియా చర్చిలోకి తప్పకుండా వెళ్లండి. గర్భగుడి వంటి చోట 12వ శతాబ్దపు బంగారు మొజాయిక్, అంటే చిన్న ముక్కలు పేర్చి చేసిన బొమ్మ, ఉంది.

సాయంత్రానికి నేను మంగళగిరి నూలు చీర కట్టుకున్నాను. ఇది సలహాగానే చెబుతున్నాను. ఆ ఒక్క సాయంత్రం ముగ్గురు నలుగురు ఆడవాళ్లు తమంతట తామే వచ్చి, ఎన్ని గజాలు, ఎలా నిలుస్తుంది అని అడిగారు. బూట్ల మీద చీరేమిటని మొహమాటపడకండి, రాళ్ల దారిలో అదే సరి.

ఐస్‌క్రీమ్ కొట్లు చాలా ఉంటాయి. కొండలా పేర్చి, మెరిసే రంగుల్లో ఉన్నవి వదిలేయండి. పిస్తా రంగు చూడండి. మాసిన ఆకుపచ్చగా ఉంటే నిజమైన పిస్తా, చిలకపచ్చగా ఉంటే రంగు. మూతలున్న లోహపు గిన్నెల్లో పెట్టే కొట్టు అయితే నమ్మొచ్చు.

11. సూర్యాస్తమయానికి జానీకొలో కొండ

ట్రస్తెవెరె నుంచి పావుగంట ఎక్కుడు. మోకాళ్ల నొప్పులుంటే చిన్న బస్సు ఉంది, లేదా టాక్సీ. పైనుంచి ఊరంతా గోపురాలే. పాంథియాన్ గోపురం చదునుగా, పళ్లెం బోర్లించినట్టు ఉంటుంది. ఉదయం కింద నిలబడి చూసినదాన్ని ఇద్దరూ వెతికి పట్టుకోండి.

పొద్దు ఎప్పుడు కుంగుతుందో ఉదయమే చూసుకోండి. జూన్‌లో రాత్రి ఎనిమిది ముప్పావు అవుతుంది, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటగానే అయిపోతుంది. చలికాలం అయితే 9వ అంచెలో విరామం గంటకు కుదించి, కొండను ట్రస్తెవెరె కన్నా ముందు పెట్టండి. వేసవి అయితే ముందు తినేసి ఆ తర్వాత ఎక్కండి.

12. రాత్రి భోజనం

హోటళ్లు ఏడున్నరకు తెరుస్తాయి. గుమ్మం దగ్గర నిలబడి లోపలికి పిలిచే చోటికి, ఆరు భాషల్లో బొమ్మల మెనూ ఉన్న చోటికి వెళ్లకండి. చిన్న మెనూ, చుట్టూ ఇటాలియన్ మాటలు వినిపించే చోటు చూసుకుని, మధ్యాహ్నమే ఫోన్ చేసి ఇద్దరికి బల్ల చెప్పి పెట్టుకోండి.

మన నోటికి సరిపోయేది "పెన్నె అల్లర్రబ్బియాతా" అనే పాస్తా. టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి. పేరుకు అర్థం కోపంగా ఉన్నది అని, పుట్టింది ఈ ప్రాంతంలోనే. "పియు పెపెరొన్చీనో" అంటే మిర్చి ఇంకొంచెం వేస్తారు. "కాచో ఎ పెపె" అంటే గొర్రెపాల చీజ్, మిరియాలు. మాంసం ఉండదు గానీ ఆ చీజ్ తోడు పెట్టేది గొర్రెపిల్ల పొట్టలోని పదార్థంతో. కచ్చితమైన శాకాహారులు అది వదిలి, అర్రబ్బియాతా కూడా చీజ్ చల్లకుండా అడగండి: "సెన్‌జా ఫొర్మాజ్జో". కార్బొనారా, అమత్రిచానా, గ్రీచా అనే పాస్తాలు మూడింటిలోనూ పంది బుగ్గ మాంసం ఉంటుంది. చలికాలం చివర, వసంతంలో అయితే ఆర్టిచోక్ మొగ్గలు అడగండి. "అల్ల జుదియా" అంటే నూనెలో పువ్వులా విచ్చుకునేలా వేయించింది, రోమ్‌లోని యూదుల వంట.

మద్యం తాగనివాళ్లు "అనాల్కోలికో" అంటే సరిపోతుంది.

పక్క బల్లవాళ్లు తింటున్నది బాగుందనిపిస్తే అదేమిటని అడగండి. ఇక్కడ అది తప్పు కాదు, సంతోషంగా చెబుతారు.

బిల్లు అడిగేదాకా తేరు. గంట కూర్చుని "మనల్ని మర్చిపోయారు" అనుకుంటారు కొత్తవాళ్లు. లేవమన్నట్టు అవుతుందని తేరు, అంతే. "ఇల్ కోంతో, పెర్ ఫవోరె" అనండి. రొట్టెకని మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు, అది మోసం కాదు. మీరు చెప్పనిది ఏదైనా చేర్చారేమో, సంఖ్యలు సరిపోయాయో ఒకసారి చూడండి. మాకు ఒకచోట తాగని నీళ్ల సీసా బిల్లులో వచ్చింది, చూపించగానే తీసేశారు. టిప్పు తప్పనిసరి కాదు.

13. తిరిగి రావడం

ట్రస్తెవెరె నుంచి 8వ నంబరు ట్రామ్ నది దాటించి ఊరి నడుమకు తెస్తుంది. ఎక్కగానే ఇద్దరూ ఎవరి కార్డు వాళ్లు ఆనించి, పచ్చదీపం వెలిగిందో లేదో చూసుకోండి. ఫోన్, పర్సు ముందు జేబులో ఉండాలి. తెర్మినీ స్టేషన్ చుట్టూ, మెట్రోలో, 64వ నంబరు బస్సులో జేబుదొంగల బెడద ఎక్కువ. ఏ అత్యవసరానికైనా 112.

రూముకు చేరాక నాలుగు చూసుకోండి. కాళ్లకు బొబ్బలు లేవు కదా. ఫోన్, కార్డులు, పాస్‌పోర్టు అన్నీ ఉన్నాయి కదా. ఈ రోజు ఇద్దరూ కలిసి ఉన్న ఫోటోల్లో కనీసం రెండు ఎవరో తీసినవై ఉన్నాయా. సంచిలో చీటీలు తగ్గాయా. చీటీలు ఒక్కటీ తగ్గకపోతే రేపు ఫ్లోరెన్స్‌లోనో వెనిస్‌లోనో ఒక చోటు తీసేసి, ఆ అరగంట ఏదైనా బెంచీ మీద పెట్టుకోండి. తగ్గి ఉంటే, కలిసినవాళ్లకు పడుకునే ముందే ఒక్క మెసేజ్ పెట్టండి. రేపటికి వదిలేస్తే రైలు హడావిడిలో మర్చిపోతారు.